కొన్నవారి చిరునామా

కాగితం ఇంకా భోజనాల బల్ల మీదే ఉంది.

నిన్న సాయంత్రం ఆమె ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది. రాత్రి ముగ్గురూ దాని పక్కనే కంచాలు పెట్టుకుని తిన్నారు. పొద్దున దాని పక్కనే టీ కప్పులు పెట్టుకున్నారు. ఒక్కరూ దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే కరుస్తుందేమోనన్నట్టు కంచాలూ కప్పులూ కాస్త ఎడంగా జరుపుకున్నారు, అంతే.

"ఆ కాగితం తీసెయ్యమ్మా. టీ ఒలికిందంటే పాడైపోతుంది," అంది అత్తగారు.

"ఒలకనివ్వండి అత్తయ్యా. అది నకలే. అసలుది ఆఫీసులో భద్రంగా ఉంది."

అత్తగారు బ్రెడ్డు అంచులు తుంచడం మొదలుపెట్టింది. ఎనభై ఏళ్ళ మనిషి, పళ్ళు లేని నోరు, అంచులు తుంచక తప్పదు. కానీ ఇవాళ నాలుగు ముక్కల అంచులు తుంచింది, తిన్నది ఒక్క ముక్కే.

ఆయన స్నానం చేసి వచ్చి కూర్చున్నాడు. చొక్కా చేతులు మడుచుకుంటూ భార్య మొహం చూడకుండా అడిగాడు.

"ఆఫీసు కాగితాలు ఇంటికి తేవడం ఎప్పట్నుంచి?"

"ఆఫీసు కాగితం ఇంటికి రాలేదండీ. ఇంటి కాగితమే ఆఫీసుకొచ్చింది. నేను వెనక్కి తెచ్చానంతే."

ఆయన కప్పు ఎత్తి మళ్ళీ దించాడు. నిన్న సాయంత్రం నుంచి ఆయన ఆమెతో ఆడిన మాట ఇదొక్కటే. అదీ ప్రశ్న. 'నాకెందుకు చెప్పలేదు' అని తను నిన్న అడిగినదానికి జవాబు మాత్రం ఇప్పటికీ రాలేదు.

కాగితంలో ఉన్నది పెద్ద రహస్యమేం కాదు, చదువుకున్నవాళ్ళెవరికైనా అర్థమవుతుంది. ఆసుపత్రి మంచాలు తయారు చేసే ఒక చిన్న కంపెనీ, అంటే ఆమె మరిది కంపెనీ, తన షేర్లు కొన్ని అమ్మింది. షేరు రెండు వందల పది చొప్పున. కొన్నది ఆయన, మరిదికి తోడబుట్టిన అన్న, ఆమె మొగుడు. కొన్నవారి చిరునామా అని ఉన్న చోట ఈ ఇంటి తలుపు నంబరే ఉంది. మూడో అంతస్తు, ఎడమ చేతి వైపు.

ఇద్దరి పేరా ఉన్న డిపాజిట్టులోంచి వెళ్ళింది ఆ డబ్బు. పడమటి కిటికీ ఉన్న సొంత ఇల్లు ఒకటి కొనుక్కోవాలని పదకొండేళ్ళుగా కూడబెట్టినది. డబ్బు సంగతి తర్వాత. ఆ ఇంటి కోసం ఆమె ఆదివారాలు వీధులు తిరిగి వచ్చి, ఇక్కడి కిటికీ ఇలా, అక్కడి గచ్చు అలా అని చెబుతుంటే ఆరు నెలలపాటు ఈయన ఊకొడుతూ విన్నాడు. ఊకొట్టిన ప్రతిసారీ, ఆ డబ్బు అప్పటికే లేదని ఆయనకు తెలుసు.

తలుపు చప్పుడైంది. మరిది.

అతను ఎప్పుడొచ్చినా చెప్పులు విప్పకముందే నవ్వు లోపలికొస్తుంది. ఇవాళ చెప్పులొక్కటే వచ్చాయి.

"వదినా, నీతో మాట్లాడాలి."

"మాట్లాడు. ఈ ఇంట్లో నాతో మాట్లాడాలనుకున్నవాడివి నువ్వొక్కడివైనా దొరికావు."

అతను బల్ల దగ్గర కూర్చుని కాగితం వంక చూసి చూపు తిప్పుకున్నాడు. "అన్నయ్య డబ్బు ఇచ్చాడు, నేను తీసుకున్నాను. దొంగలెక్క కాదు వదినా. నిజం డబ్బు. నిజం ధర."

"డబ్బు నిజమే. ధరే కాదు."

"అదెలా?"

"ఎలా అంటే..." ఆమెకు ఇదే పని, రోజూ చేసేదే. అయినా బల్ల ముందు కూర్చున్న మొహాలకు చెప్పాల్సి వచ్చేసరికి ఒక్కో మాటా వెతుక్కుంది. "ముక్కూమొహం తెలియని ఇద్దరుండాలి. ఎవరికీ తొందర ఉండకూడదు, ఎవరి పీకల మీదా కత్తి ఉండకూడదు. బేరమాడుకుని ఒక మాటకు రావాలి. అప్పుడు దాన్ని ధర అంటాం. మీ అన్నయ్య రెండు వందల పది ఇచ్చింది మంచాల కంపెనీకి కాదు, నీకు. నువ్వు అట్టముక్కలు అమ్మినా ఇచ్చేవాడు."

మరిది తల వంచుకున్నాడు. ఆయన మాత్రం ఒంటికాలి మీద లేచాడు.

"ఇస్తాను! నా తమ్ముడు. ముప్ఫై ఎనిమిది మంది పనివాళ్ళతో వాడు మునిగిపోతుంటే ఒడ్డున కూర్చుని నీ పుస్తకంలో ఏం రాసుందో చూడమంటావా?"

"నన్ను అడగమంటాను."

"అడిగితే వద్దనేదానివి."

"అడిగి చూశారా?"

అత్తగారు బ్రెడ్డు అంచులన్నీ కుప్పగా పోసి అరచేతితో చదును చేస్తోంది.

"పరాయిదానిలా మాట్లాడకమ్మా," అంది చివరికి. "మనింటి విషయం."

ఆమె సంచీ భుజానికి తగిలించుకుని లేచింది. మరిది వెంట మెట్ల దాకా వచ్చాడు.

"ఈ రోజే కదా వదినా, మా కంపెనీలో ఉన్న వాటాకి మీ ఆఫీసువాళ్ళు లెక్క తేల్చేది?"

"ఐదింటికి."

"ఆ ధర పోతే వాళ్ళు వాటా వెనక్కి తీసుకోమంటారు. నెల్లోగా డబ్బు కట్టాలి. నేనెక్కడ్నించి తేను? షెడ్డుకి తాళం పడుతుంది." అతని గొంతు జీరపోయింది. "నీ కాళ్ళు పట్టుకుంటాను. నువ్వేం అబద్ధం చెప్పొద్దు. ఊరికే ఉండు, చాలు."

తొమ్మిదేళ్ళ కిందట ఆయన కూడా సరిగ్గా ఈ మాటే అన్నాడు. ఆమె కంపెనీ మరిది కంపెనీలో వాటా తీసుకోబోతున్న రోజుల్లో, 'వాళ్ళు మావాళ్ళే' అని ఆఫీసులో రాసివ్వాలి కదా అని ఆమె అంటే, 'ఇప్పుడు చెప్పావంటే పని చెడుతుంది, ఊరికే ఉండు' అన్నాడు. ఊరికే ఉంది. ఆ ఫైలు తను చూడనప్పుడు చెప్పకపోతే ఏం అని సర్దిచెప్పుకుంది. మరుసటి ఏడు చెబుదామనుకుంటే, నిరుడు ఎందుకు చెప్పలేదంటారేమోనని భయం. అలా తొమ్మిదేళ్ళు గడిచాయి.

*

ఆఫీసులో ఆమెను నోట్సమ్మ అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. వార్షిక నివేదిక చివర్లో చీమల బారులాంటి చిన్న అక్షరాలతో వచ్చే నోట్సు రాయడం ఆమె పని. ఆ నోట్సు చదివేవాళ్ళు దేశం మొత్తం మీద ఓ పాతికమంది ఉంటారేమో. వాళ్ళు కూడా తప్పు పట్టడానికే చదువుతారు.

అందులో ఒక పట్టిక ఉంటుంది. కంపెనీ దగ్గరున్న పెట్టుబడులన్నిటికీ ఫెయిర్ వాల్యూ, అంటే ఈ రోజు అమ్మితే ఎంతొస్తుందన్నది, మూడు వరసల్లో వేస్తారు. బజారులో రోజూ ధర కనబడేవి లెవెల్ వన్. సరిగ్గా దానికే ధర లేకపోయినా, బయట జరిగిన బేరాలు చూసి కట్టగలిగేవి లెవెల్ టూ. ఏదీ దొరక్క మన అంచనాలతో మనమే కట్టుకునేవి లెవెల్ త్రీ. మంచాల కంపెనీ తొమ్మిదేళ్ళుగా మూడో వరసలోనే పడి ఉంది. ఈ ఏడు రెండో వరసలోకి ఎక్కింది. ఎందుకెక్కిందో కారణం నోట్సులో రాయాలి. ఆ కారణం కోసమే నిన్న ఆమె ఫైలు తెరిచింది.

ఫైలు కళ్ళజోడాయనది. వచ్చే ఏడు రిటైరయ్యే మనిషి. దగ్గర చూపుకొకటి, దూరం చూపుకొకటి, వెతుక్కోవడానికి ఇంకొకటి, మూడు కళ్ళజోళ్ళు.

"తొమ్మిదేళ్ళమ్మా!" అన్నాడు ఆమె వచ్చీరాగానే. "తొమ్మిదేళ్ళు గాల్లో మేడ కట్టినట్టు కట్టాను ఆ లెక్క. మన అంచనా ప్రకారం షేరు తొంభై దాటేది కాదు. చూశారా, బయటివాడెవడో వచ్చి రెండు వందల పది పెట్టి కొన్నాడు! అసలైన ధరంటే అదీ."

"బయటివాడేనా?"

"కంపెనీవాళ్ళే రాసిచ్చారుగా, 'సంబంధం లేని వ్యక్తి' అని. ఇదిగో."

ఆ ఉత్తరం కింద మరిది సంతకం. పొద్దున మెట్ల దగ్గర జీరపోయిన గొంతు ఆ సంతకంలో ఎక్కడా లేదు. గుండ్రంగా, ధీమాగా ఉంది.

"ఇంకో మేలు కూడా," ఆయన ఉత్సాహంగా మరో కాగితం తిప్పాడు. "మన వాటాని మనం పెట్టిన ధరకే వాళ్ళ నెత్తిన వెనక్కి వేసే హక్కుంది కదా, పుట్ ఆప్షన్? మనం పెట్టింది నూట అరవై. బయట రెండు వందల పది పలుకుతుంటే నూట అరవైకి ఎవడు వెనక్కిస్తాడు? కాబట్టి ఆ హక్కు విలువ ఇప్పుడు దాదాపు సున్నా. అదే షేరు తొంభై అయితే మాత్రం పైవాళ్ళు రేపే వాడేస్తారు."

ఆమె ఒప్పందం రెండో పేజీ తిప్పింది. నిన్న కంగారులో మొదటి పేజీయే నకలు తీసింది. రెండో పేజీలో సాక్షుల సంతకాలున్నాయి. ఒకటి తోడికోడలిది. రెండోది వంకరటింకరగా, అక్షరం అక్షరం విడివిడిగా, అత్తగారిది.

తేదీ చూసింది. ఆదివారం. ఆ ఆదివారం ఆమెకు బాగా గుర్తుంది. మూడు నెలల లెక్కలు ముగించే రోజని ఆఫీసుకొచ్చి, ఈ కుర్చీలోనే ఒంటరిగా కూర్చుంది. మధ్యాహ్నం ఊసుపోక ఇంటికి ఫోన్ చేసింది. వెనకాల నవ్వులు వినిపించాయి. ఎవరొచ్చారని అడిగితే, "ఎవరూ రాలేదమ్మా, టీవీ," అంది అత్తగారు. "నేను కాస్త నడుం వాల్చాను."

అందరూ ఆ బల్ల చుట్టూ కూర్చుని ఉంటారు. కలం చేతులు మారి ఉంటుంది. అత్తగారికి ఎక్కడ సంతకం పెట్టాలో తోడికోడలు వేలు పెట్టి చూపించి ఉంటుంది. టీలు తాగి ఉంటారు. ఆమె ఇంటికి వెళ్ళేసరికి కప్పులు కడిగి బోర్లించి ఉన్నాయి. తనకు పని తగ్గించారని మురిసిపోయింది కూడాను.

ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది.

"ఏంటమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

మూడింటికి ఆడిటరమ్మ వచ్చింది. పొట్టి మనిషి, పొట్టి మాటలు. ఫైలు మొత్తం తిప్పి ఒక్కచోట వేలు పెట్టింది.

"కొన్నతను ఎవరో ఎవరైనా చూశారా?"

కళ్ళజోడాయన నీళ్ళు నమిలాడు. "చిరునామా ఉంది కదండీ."

"చిరునామా ఉంటే సరిపోదు. లెవెల్ త్రీ నుంచి లెవెల్ టూకి ఊరికే ఎక్కించలేం. మనిషిని కలిసి ఈ ఫారం రాయించుకు రండి. నాలుగు ప్రశ్నలు. ఐదింటికి ముందు నాకివ్వండి. రాకపోతే పాత లెక్కే, తొంభయ్యే."

ఆవిడ వెళ్ళాక ఆయన ఫారం పట్టుకుని దగ్గర చూపు కళ్ళజోడు వెతుక్కున్నాడు. చిరునామా పైకి చదివాడు. వీధి, తలుపు నంబరు, అంతస్తు. ఎదురుగా కూర్చున్న మనిషి ఇంటి చిరునామా అది. పద్నాలుగేళ్ళుగా ఎదురుబొదురు కూర్చుంటున్నారు. ఆయన కూతురి పెళ్ళికి ఆమె వెళ్ళింది, ఆయన కంటి ఆపరేషన్‌కి పళ్ళు పట్టుకెళ్ళింది. ఆమె ఇంటికి మాత్రం ఆయన కాదు కదా, ఆఫీసు నుంచి ఒక్క పురుగు కూడా ఎప్పుడూ రాలేదు. ఎవరైనా ఒక్కసారి వచ్చి కప్పు టీ తాగి వెళ్ళి ఉంటే, ఈ చిరునామా చూసి ఎప్పుడో ఉలిక్కిపడేవారు. ఆఫీసులో ఆమెది ఇప్పటికీ పుట్టింటి ఇంటిపేరే, కాబట్టి పేరు చూసీ ఎవరూ పోల్చలేకపోయారు.

"మూడో అంతస్తట. నా మోకాళ్ళ సంగతి మీకు తెలుసు. మీరు అటునుంచేగా వస్తారు? ఈ వీధి తెలుసా?"

చెప్పడానికి ఇదే సమయం. ఒక్క మాట చాలు. ఆ మాటతో మరిది షెడ్డుకి తాళం పడుతుంది, తొమ్మిదేళ్ళు దాచినందుకు ఈ కుర్చీ పోతుంది, ఇంట్లో ఇక ఎవరూ ఆమె మొహం చూడరు. అయినా చెప్పాలి. కానీ వాళ్ళే చెబితే? రాతలో అడిగితే, ఆ ప్రశ్న ఎదురుగా ఉంటే, ఆయన తన చేత్తో తానే 'వాడు నా తమ్ముడు, ఈమె నా భార్య' అని రాస్తే? అప్పుడు ముగ్గురూ కలిసి వచ్చి తప్పొప్పుకుని, నాలుగు నెలలు గడువు అడగొచ్చు. ఆమె అడుగుతుంది, పైవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి అయినా అడుగుతుంది. ఒక్కసారి ఆమెను లోపలికి రానిస్తే చాలు.

"తెలుసు. నేను వెళ్ళొస్తాను," అంది.

*

తాళంచెవి సంచీలోనే ఉంది. అయినా గంట నొక్కింది.

ఆయనే తలుపు తీశాడు. సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నట్టున్నాడు. "తాళంచెవి మర్చిపోయావా?"

"లేదండీ. ఆఫీసు పని మీద వచ్చాను."

మరిది ఇంకా అక్కడే ఉన్నాడు. అత్తగారు కుర్చీలో కునికిపాట్లు పడుతూ కళ్ళు తెరిచింది. బల్ల మీద కాగితం లేదు. ఎవరో తీసేశారు.

ఆమె ఫారం బల్ల మీద పరిచింది. కలం పక్కన పెట్టింది. కొత్తవాళ్ళతో మాట్లాడినట్టే చెప్పింది.

"ఇవి నాలుగు ప్రశ్నలు. షేర్లు కొన్నవారు జవాబులు తమ చేతిరాతతోనే రాయాలి. నేను ఏం రాయమనీ చెప్పను. ఒక్కటి మాత్రం చెబుతాను, నిజం రాయండి. తర్వాత సంగతి మనం కలిసి చూసుకుందాం."

'మనం' అన్న మాట కాస్త ఒత్తి పలికింది. ఎవరైనా గమనించారో లేదో.

ఆయన కూర్చున్నాడు. మొదటి ప్రశ్న, షేర్లు మీ సొంత డబ్బుతో కొన్నారా. అవును అని రాశాడు. ఆ డిపాజిట్టు ఇద్దరిదీ. రెండోది, మీ మీద ఎవరైనా ఒత్తిడి తెచ్చారా. లేదు.

మూడోది, అమ్మిన కంపెనీ యజమానితో మీకు బంధుత్వం ఉందా.

కలం ఆగింది. ఆయన తమ్ముడి వంక చూశాడు. తమ్ముడు కిటికీ వంక చూస్తున్నాడు. ఆయన మంచినీళ్ళు అడిగాడు. తమ్ముడు లేచి తెచ్చిచ్చాడు. గుటకగుటకగా గ్లాసంతా తాగాడు, మూతి తుడుచుకున్నాడు, మళ్ళీ కలం పట్టుకున్నాడు, మళ్ళీ పెట్టేశాడు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోడ మీద గడియారంలో ఆరు నిమిషాలు గడిచాయి. ఆమె లెక్కపెట్టింది. ఆ ఆరు నిమిషాలూ ఆమెకు ఆయన మీద జాలి వేసింది, పెళ్ళైన కొత్తలో వేసినంత జాలి.

చివరికి 'లేదు' అని రాశాడు. చెయ్యి వణికి 'దు' కొమ్ము వంకరపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మరిది వచ్చి అన్న భుజం మీద చెయ్యి వేశాడు.

నాలుగోది, ఆ కంపెనీలో వాటా ఉన్న పెట్టుబడి కంపెనీలో పనిచేసేవారెవరితోనైనా మీకు సంబంధం ఉందా.

ఆయన చదివాడు. 'లేదు' అని రాశాడు. సంతకం పెట్టాడు, కింద అలవాటుగా రెండు చుక్కలు పెట్టాడు, ఫారం ఆమె వైపు తోశాడు.

మూడో ప్రశ్న దగ్గర ఆరు నిమిషాలు ఆగిన కలం నాలుగోదాని దగ్గర ఒక్క క్షణం కూడా ఆగలేదు. అక్షరాలు గుండ్రంగా, చక్కగా వచ్చాయి. ఎక్కడా వణుకు లేదు.

ఆమె ఆ రెండు 'లేదు'లనూ ఒకదాని కింద ఒకటి చూస్తూ ఉండిపోయింది.

"చాలా మేలు చేశావు వదినా," అన్నాడు మరిది మెల్లగా. "ఈ జన్మలో మర్చిపోను."

"ఇప్పుడే వెళ్ళాలా?" అంది అత్తగారు. "కూర్చోమ్మా, టీ తాగి వెళుదువుగాని."

ఇరవై రెండేళ్ళలో ఆ ఇంట్లో ఆమెను కూర్చోబెట్టి టీ ఇస్తానన్నవాళ్ళు లేరు. ఇవాళ అత్తగారు మోకాళ్ళు పట్టుకుని నిజంగానే లేచి వంటగదిలోకి నడిచింది.

"ఇంకా అవలేదు," అంది ఆమె.

ఆయన తలెత్తాడు. "అన్నీ రాశాను కదా?"

"మీరు రాయాల్సింది అయింది. నేను రాయాల్సింది ఉంది."

ఫారం అడుగున సన్నటి గీతలు రెండున్నాయి. జవాబులు తీసుకున్నవారి పేరు. జవాబులు తీసుకున్నవారి నివాస చిరునామా.

ఆమె కలం అందుకుని మొదటి గీత మీద పేరు రాసింది. పుట్టింటి ఇంటిపేరుతో సహా. ఇంతవరకూ ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. రెండో గీత దగ్గరికి కలం వచ్చేసరికి ఆయనకు అర్థమైంది. అదే కాగితం మీద, పైన, కొన్నవారి చిరునామా అచ్చులో ఉంది. ఆడిటరమ్మ కళ్ళు పైకీ కిందకీ ఒక్కసారి కదిలితే చాలు.

"ఆగు," అన్నాడు ఆయన. కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. "మీ అక్కయ్య వాళ్ళ ఇంటిది రాయి. ఏదో ఒకటి రాయి. ఎవరు చూడొచ్చారు?"

మరిది కలం వంకే చూస్తున్నాడు. వంటగదిలో కప్పులు చప్పుడవుతున్నాయి. నాలుగున్నర దాటింది.

"నాతో మీకు సంబంధం లేదని ఇప్పుడే రాశారు," అంది ఆమె. కోపంగా కాదు, పిల్లలకు పాఠం చెప్పినట్టు నెమ్మదిగా అంది. "మరి ఇది మా ఇల్లని రాయనా? కాదని రాయనా? మీరే చెప్పండి."

ఆయన వెనక్కి పడ్డ కుర్చీని ఎత్తి నిలబెట్టాడు.

ఆమె గీత మీద కలం పెట్టింది. ఇంకో చిరునామా కోసం నిజంగానే వెతుక్కుంది. ఉన్న ఒక్క అక్కా పోయి మూడేళ్ళయింది, ఆయనకు గుర్తే లేదు, ఆ ఇల్లు అమ్మేశారు. పడమటి కిటికీ ఉన్న ఇల్లు ఇంకా కొననేలేదు. రాయడానికి ఆమెకు ఉన్నది ఈ ఒక్క చిరునామాయే.